గిటారు నిర్మాణము – వేలికొనల విద్య



మన పాఠశాల సంగీతపు గదిలో గోడకు ఒక గిటారు వ్రేలాడుచుండుట మీరెల్లరు చూచియే యుందురు. పూర్వవిద్యార్థి యొకరు దానిని మనకు కానుకగా నొసంగిరి. అది కర్మాగారములో వందలకొలదిగా తయారైన వస్తువు కాదు, చేతితో చేయబడినది. గడచిన వేసవి సెలవులలో ఆ గది మూసియుండెను. సెలవులు ముగిసి తలుపు తెఱచునప్పటికి దాని పైపలకమీద, తంత్రులు బిగించిన గుఱ్ఱము వద్దనుండి క్రిందియంచు వఱకు, జానెడు పొడవున సన్నని పగులు కనబడెను. దానిని ఎవరును తాకలేదు. అది క్రింద పడలేదు.

"ఎవ్వరూ ముట్టకుండా ఎట్లా పగిలిందండీ?" అని ఎనిమిదవ తరగతి బాలుడొకడు మమ్ముల నడిగెను.

ప్రశ్న చిన్నది. కాని దానికి సరియైన సమాధానము చెప్పుటకు మాకు రెండు మాసములు పట్టినది. గిటారు ఎట్లు నిర్మింపబడునో తెలియనిదే అది ఎట్లు పగులునో తెలియదు గదా! కొంత గ్రంథములు చదివి తెలిసికొంటిమి. కొంత ఆ వాద్యమునే చిన్న అద్దముతో, దీపముతో లోపల పరిశీలించి తెలిసికొంటిమి. మిగిలినది ఒక వడ్రంగి వలన నేర్చుకొంటిమి. ఆ మూడు విధముల చదువును ఈ పాఠములో మీ ముందుంచుచున్నాము.

వీణయు గిటారును

మనకు పరిచితమైన వీణతో మొదలు పెట్టుదము. బొబ్బిలి ఏకాండి వీణను ఒకే పనసదుంగనుండి చెక్కుదురు. కుండయు దండియు ఒకే కొయ్య. అక్కడి ప్రధానమైన పని తొలుచుట. గిటారులో తొలుచుట లేదు. పలుచని పలకలను, బద్దలను కూర్చి పెట్టెవలె చేయుదురు. దానికి పైపలక యొకటి, అడుగుపలక యొకటి, ఈ రెంటిని కలుపుచు వంపులు తిరిగిన ప్రక్కబద్దలు రెండు, ఒక మెడ. పైపలక నడుమ గుండ్రని నాదరంధ్రము. రంధ్రమునకు దిగువను గుఱ్ఱము అంటింపబడి యుండును.

శాస్త్రీయ సంగీతమునకు వాడు గిటారునకు లోహపు తీగెలు కట్టరు. పూర్వము సన్నని మూడు తంత్రులను జంతువుల ప్రేగులతో చేసెడివారు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున అట్టి తంత్రులు దొరకుట కష్టమైనందున నైలాను వాడుకలోనికి వచ్చెను. నేడు మూడు తంత్రులు నునుపైన నైలానువి. తక్కిన మూడు నైలాను పోగులపై సన్నని లోహపు తీగె చుట్టినవి.

ఈ ఆఱు తంత్రులను శ్రుతి చేసినప్పుడు అవి అన్నియు కలిసి సుమారు 40 కిలోగ్రాముల బలముతో గుఱ్ఱమును లాగుచుండును. అనగా మీలో ఒక బాలుడు రేయింబవళ్లు దానిని పట్టుకొని వ్రేలాడుచున్నట్లే! ఆ లాగుడును భరించు పైపలక మందమెంత? రెండు మొదలు రెండున్నర మిల్లీమీటర్లు మాత్రమే. మీ పుస్తకపు గట్టి అట్టకును దానికిని ఎక్కువ భేదము లేదు.

అట్లైన దానిని మఱింత మందముగా ఏల చేయరాదు? గిటారు శిల్పమంతయు ఈ ఒక్క ప్రశ్నను పట్టుకొని యున్నది.

నాదము ఎట్లు పుట్టును?

మీ ప్రయోగశాలలో శ్రుతిదండమును రబ్బరు ముక్కపై కొట్టి గాలిలో పట్టుకొనుడు. ధ్వని మిక్కిలి స్వల్పముగా వినబడును. దాని కాడను బల్లపై ఆనింపుడు. ధ్వని గదియంతయు వ్యాపించును. దండము చిన్నది, అది కదలింపగల గాలి కొంచెము. బల్ల వెడల్పైనది, అది కదలినచో చాల గాలి కదలును.

గిటారు తంత్రియు ఆ దండము వంటిదే. సన్నని తంత్రి గాలిని కోసికొని పోవునే కాని నెట్టలేదు. అది గుఱ్ఱమును ఊపును. గుఱ్ఱము పైపలకను ఊపును. పైపలక కొలిమితిత్తివలె లోపలికి, వెలుపలికి కదలుచు గాలిని నెట్టును. పెట్టెలోని గాలియు నాదరంధ్రము గుండ వచ్చుచు పోవుచు మంద్రస్వరములకు బలము చేకూర్చును. కాబట్టి పైపలక తేలికగా నుండవలెను, సులభముగా కదలవలెను. బరువైన పలక తంత్రి యొక్క కొలదిపాటి శక్తికి కదలదు. మందమైన పలక మూగపలక.

కాని తేలిక చేసినకొలది అది బలహీనమగును. ఇక్కడ మీరు నేర్చిన ఘనముల లెక్క అక్కఱకు వచ్చును. పలక బరువు దాని మందమును బట్టి తగ్గును. కాని వంగకుండ నిలుచు బిగువు మందము యొక్క ఘనమును బట్టి తగ్గును. 2.5 మిల్లీమీటర్ల పలకను చిత్రికపట్టి 2 మిల్లీమీటర్లకు దించితి మనుకొనుడు. బరువు ఐదవ వంతు తగ్గినది. బిగువు? 0.8 × 0.8 × 0.8 = 0.512. అనగా ఇంచుమించు సగము పోయినది. అర మిల్లీమీటరు కొయ్య తీసివేసినందులకు సగము బలము! చిత్రిక ఒకసారి ఎక్కువగా నడచినచో తీసిన పొరను మఱల అంటించుటకు వీలులేదు.

మఱి శిల్పి ఏమి చేయును? పలకను పలుచన చేసి, దాని లోపలివైపున సన్నని పట్టెలను అంటించును. ఘనముల లెక్కయే ఇక్కడ అతనికి మేలు చేయును. పట్టె వెడల్పును రెట్టింపు చేసిన బిగువు రెండు రెట్లే యగును. ఎత్తును రెట్టింపు చేసిన ఎనిమిది రెట్లగును. అందువలన ఆ పట్టెలు వెడల్పు తక్కువగా, ఎత్తు ఎక్కువగా నుండును. నాదరంధ్రమునకు దిగువను అవి విసనకఱ్ఱ ఈనెలవలె విచ్చుకొని యుండును. అద్దముతో మేము మన గిటారు లోపల చూచినప్పుడు ఏడు పట్టెలు కనబడెను.

టోరెస్ చేసిన పరీక్ష

ఈ ఏడు పట్టెల అమరికను నేటి రూపమునకు తెచ్చినవాడు స్పెయిన్ దేశీయుడగు ఆంటోనియో దె టోరెస్. ఆయన దక్షిణ సముద్రతీరమందలి అల్మేరియా చెంత 1817లో జన్మించెను. పండ్రెండవ యేట వడ్రంగము నేర్వబోయెను. పిమ్మట సెవిల్ నగరము చేరి గిటారులు చేయసాగెను. విసనకఱ్ఱ ఈనెల పద్ధతి ఆయన కనిపెట్టినది కాదు. సెవిల్, కాడిజ్ నగరముల శిల్పులు అంతకుముందే దానిని వాడియుండిరి. వాద్యపు పెట్టెను పెద్దది చేసి, పైపలకను పలుచన చేసి, పట్టెలను దానికి తగినట్లు అమర్చి, ఈ మూడింటికిని పొందిక కుదిర్చినవాడు టోరెస్. 1858లో సెవిల్ ప్రదర్శనమున ఆయనకు పతకము లభించెను. ప్రసిద్ధ వాదకుడు ఫ్రాన్సిస్కో టారెగా 1869లో ఆయన చేతి గిటారును కొనెను. నేడు లోకమున చేయబడు శాస్త్రీయ గిటారులలో అధికభాగమునకు టోరెస్ నమూనాయే మూలము.

టోరెస్ 1862లో ఒక చిత్రమైన గిటారు చేసెను. దాని పైపలక మామూలుగా స్ప్రూస్ కొయ్యతోనే చేసెను. అడుగుపలకను, ప్రక్కబద్దలను మాత్రము కాగితపు అట్టతో చేసెను! గిటారు నాదమునకు ప్రాణము పైపలకయే యని నిరూపించుటకే ఆయన ఇట్లు చేసెనందురు. ఆ వాద్యము నేటికిని బార్సిలోనా నగరపు సంగీత ప్రదర్శనశాలలో నున్నది. తన నమ్మకమును వాదముతో గాక పరీక్షతో నిలుపజూచిన ఈ వడ్రంగిని శాస్త్రజ్ఞుడనుటకు మేము సందేహింపము.

కీర్తి వచ్చినను ఆయనకు కలిమి రాలేదు. 1870 ప్రాంతమున అల్మేరియాకు మఱలివచ్చి పింగాణీ సామానుల అంగడి పెట్టుకొనెను. 1875 నుండి మఱల చిత్రిక చేపట్టి, 1892లో మరణించు వఱకు గిటారులు చేయుచునే యుండెను.

ఏ కొయ్య దేనికి?

పైపలకకు ఐరోపా పర్వతములలో పెరుగు స్ప్రూస్ వృక్షపు కొయ్య శ్రేష్ఠము. చలిప్రదేశమగుటచే ఆ చెట్టు మెల్లగా పెరుగును. దాని ఈనెలు దగ్గఱ దగ్గఱగా, తిన్నగా నుండును. బరువు తక్కువ, బిగువు ఎక్కువ. 1960ల నుండి ఉత్తర అమెరికా ఎఱ్ఱ సెడారు కొయ్యను కూడ పైపలకకు వాడుచున్నారు. దుంగను రంపముతో కోయుటకంటె ముందు గొడ్డలితో చీల్చుట మంచిది. చీలిక ఈనెను అనుసరించి పోవును గనుక ఈనె తిన్నగా నున్నదో మెలిదిరిగినదో అప్పుడే తెలియును. ఒకే ముక్కను రెండు పలుచని పలకలుగా కోసి, పుస్తకము తెఱచినట్లు విప్పి, అంచుకు అంచు చేర్చి అంటింతురు. ఎడమవైపు ఈనెలు కుడివైపు ఈనెలకు ప్రతిబింబముగా నుండును.

మెడకు వాడు కొయ్యను స్పానిష్ సెడారు అందురు. పేరు అట్లున్నను అది స్పెయిన్‌లో పుట్టినది కాదు, అమెరికా ఖండపు ఉష్ణప్రదేశములది. మన వేపచెట్టు కుటుంబములోనిది. వ్రేళ్లు నడయాడు మెట్లపలకకు నల్లని ఎబొని కొయ్య. బీడీ ఆకులనిచ్చు మన తునికిచెట్టు ఆ ఎబొనికి దగ్గఱి చుట్టము.

ఇక అడుగుపలకకును ప్రక్కబద్దలకును వాడునది వినుడు. పూర్వము బ్రెజిల్ దేశపు రోజువుడ్ శ్రేష్ఠమని యెంచెడివారు. అది అరుదైపోయినందున 1960ల నుండి దాని స్థానమున మన దక్షిణదేశపు అడవులలోని ఇరుగుడు కొయ్య వాడుకలోనికి వచ్చినది. మన ఇండ్లలో ఇరుగుడు అనియు జిట్రేగి అనియు పిలుచు ఈ చెట్టును ఇక్కడి కన్నడమువారు బీటె అందురు. తమిళులు ఈట్టి అందురు. దాని శాస్త్రనామము డాల్బెర్జియా లాటిఫోలియా. స్పెయిన్, జర్మనీ, ఇంగ్లండు దేశముల శిల్పులు నేడు చేయు గిటారులలో ఎన్నింటికో మన పడమటి కనుమల చెట్టే దేహము.

అట్లే మెఱుగునకు వాడు లక్క. మంచి చేతిగిటారునకు దళసరి రంగు పూయరు. అది పలకను బిగించి మూగది చేయును. లక్కను స్పిరిటులో కరగించి, గుడ్డయుండతో పలుచని పొరలుగా ఎన్నో దినములు రుద్దుదురు. ఆ లక్కను తయారుచేయు పురుగు మన దేశపు మోదుగ, కుసుమ, రేగు చెట్లపై నివసించునది. ఝార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ మొదలగు రాష్ట్రముల అడవి పల్లెలలో దానిని సేకరింతురు.

అడవులు తఱుగుచున్నందున ఈ కొయ్యల వర్తకమునకు కట్టుబాట్లు వచ్చినవి. బ్రెజిల్ రోజువుడ్ వర్తకమును సైటీస్ అను అంతర్జాతీయ ఒప్పందము 1992లో దాదాపు పూర్తిగా నిషేధించినది. 2017లో డాల్బెర్జియా జాతి వృక్షములన్నియు అనుమతిపత్రముల నియమమునకు లోబడినవి. 2019లో తయారైన సంగీతవాద్యములకు మాత్రము, బ్రెజిల్ రోజువుడ్‌తో చేసినవి తప్ప, ఆ నియమమునుండి మినహాయింపు లభించెను. నూఱేండ్లు పెరిగిన చెట్టును కొట్టునపుడు దానితో చేయు వస్తువు నూఱేండ్లు నిలుచునదిగా నుండవలెనను న్యాయము ఇందున్నది.

పనితీరు

స్పెయిన్ దేశపు సంప్రదాయమున గిటారును బోరగిలబెట్టి నిర్మింతురు. మొదట పైపలకను కూర్చి, నాదరంధ్రము చుట్టును రంగురంగుల సన్నని కొయ్యముక్కలతో చక్రము పొదుగుదురు. తరువాత చిత్రికతో పలుచన చేసి, పట్టెలు అంటింతురు. గిటారు ఆకారమున నున్న ఒక చదును బల్లపై, కొంచెము లోతుగా చెక్కిన చోట, దానిని ముఖము క్రిందికి వచ్చునట్లు పఱతురు. ఆ లోతు వలన పైపలకకు కనబడీ కనబడని ఉబ్బు ఏర్పడును.

ప్రక్కబద్దలు రెండు మిల్లీమీటర్ల పలుచనివి. వాటిని తడిపి, లోపలినుండి కాల్చిన లోహపు గొట్టముపై మెల్లగా అదుముచు వంతురు. వేడికి కొయ్య మెత్తబడి వంగును. చల్లారిన పిదప ఆ వంపు నిలుచును. తొందరపడినచో ఫెళ్లున విఱుగును. మెడ మొదట రెండు గాడులు కోసి ఈ బద్దల కొనలను అందులో దూర్తురు. కావున మెడయు పెట్టెయు మొదటినుండి ఒకటిగానే పెరుగును. పైపలక ప్రక్కబద్దలను కలియు మూలలో చిన్న చిన్న కొయ్యముక్కలను ఒకదాని ప్రక్కన ఒకటి అంటింతురు. చివరకు అడుగుపలక మూయుదురు. అంటించుటకు పూర్వమునుండి వాడునది మన వడ్రంగులు వజ్రమనియు సరేసనియు పిలుచు తోలుజిగురే. వేడిచేసిన ఆ జిగురు ఊడును గనుక నూఱేండ్ల తరువాత నైనను వాద్యమును విప్పి బాగుచేయవచ్చును.

మెట్ల లెక్క

వీణకు మెట్లను మైనముపై నిలిపి చెవితో విని సరిచేయుదురు. గిటారు మెట్లను రంపపుగాడులలో బిగింతురు. అవి మఱల కదలవు. కాబట్టి ఇక్కడ చెవికంటె ముందు గణితము కావలెను.

తంత్రి పొడవు సాధారణముగా 650 మిల్లీమీటర్లు. దానిని సరిగా సగము చేసిన స్వరము ఒక స్థాయి పెరుగును. ఆ సగము దూరములో, అనగా 325 మిల్లీమీటర్ల వద్ద, పండ్రెండవ మెట్టు ఉండవలెను. నడుమ నున్న పండ్రెండు అడుగులును సమాన నిష్పత్తిలో నుండవలెను. అందుకు ప్రతిసారి మిగిలిన తంత్రి పొడవును 17.817చే భాగించి, వచ్చినంత దూరములో తరువాతి మెట్టు నిలుపుదురు. 650ని భాగించిన 36.48 వచ్చును, అది మొదటి మెట్టు దూరము. మిగిలిన 613.52ను భాగించిన 34.43, అది రెండవ మెట్టుకు నడుమ దూరము. ఇట్లు మెట్లు క్రమముగా దగ్గఱబడుచు పోవును.

16వ శతాబ్దమున ఇటలీ దేశీయుడు విన్సెంజో గలిలీ, ఖగోళశాస్త్రజ్ఞుడగు గెలీలియో తండ్రి, 18చే భాగింపుమని చెప్పెను. పనివారికి అది సులభమైన సంఖ్య. కాని పండ్రెండుసార్లు అట్లు చేసిన 325 మిగులుటకు మాఱుగా 327.4 మిగులును. ఇంచుమించు రెండున్నర మిల్లీమీటర్ల తేడా! చూచుటకు స్వల్పము, శిక్షితమైన చెవికి అది అపశ్రుతి.

పగులునకు కారణము

ఇపుడు మన బాలుని ప్రశ్నకు వత్తము. కొయ్య చనిపోయిన పిదప కూడ గాలిలోని తేమను పీల్చుచు విడుచుచు నుండును. తేమ తగ్గినప్పుడు అది ఈనెకు అడ్డముగా కుంచించుకొనును. ఈనె నిడివిలో దాదాపు కుంచించుకొనదు. గిటారు పైపలక ఈనెలు నిలువునను, లోపల నాదరంధ్రపు చెంతనున్న పెద్ద పట్టెల ఈనెలు అడ్డముగను ఉండును. అడుగుపలక పట్టెలును అడ్డముగనే యుండును. వేసవి గాలికి పలక వెడల్పు తగ్గజూచినది. అడ్డుపట్టెయు, చుట్టును బిగించిన చట్రమును తగ్గనీయలేదు. ఒకటి పోవలెననును, ఒకటి పోనీయననును. నడుమ పలక ఈనెవెంట చీలినది. అందుచేతనే శిల్పులు తమ పనిగదిలో గాలితేమను 45 నుండి 50 శాతము వఱకు నిలిపి ఉంచుకొందురు. మనము మన వాద్యమును ఎండకిటికీ ప్రక్కన ఉంచితిమి. తప్పు కొయ్యది కాదు, మాది.

ఒక వడ్రంగి వలన నేర్చినది

బాగుచేయువారి కొఱకు మేము పట్టణమున విచారించుచుండగా, ప్రశ్న అడిగిన బాలుడే పది దినముల తరువాత మా గదికి వచ్చి, తలవంచుకొని, "మా నాయన చూస్తాడేమోనండీ" అనెను. అతని తండ్రి వడ్రంగి యని మాకు అప్పటివఱకు తెలియదు. "మొదటనే ఏల చెప్పలేదు?" అని అడిగితిమి. అతడు మాటాడలేదు.

ఆ తండ్రి వచ్చెను. గిటారును ఆయన అంతకుముందు ఎన్నడును చేతపట్టినవాడు కాదు. దానిని త్రిప్పి చూచి, లోపలి అంచున గోటితో గీరి, వాసన చూచి, "అడుగుది మన ఇరుగుడే" అనెను. పైపలకను బొటనవ్రేలితో అక్కడక్కడ అదిమి, తట్టి, చెవిదగ్గఱ పెట్టుకొని వినెను. పిదప ఇట్లు చెప్పెను: "అయ్యవారూ, కొయ్య ఎండింది గానీ చెడలేదు. ఇప్పుడే జిగురు పోస్తే మళ్లీ చీలుతుంది. పోయిన నీళ్లు మెల్లగా తాగనీయండి, తరువాత చూస్తాను."

ఆయన చెప్పినట్లు తంత్రులను వదులుచేసి, మూసిన బీరువాలో తడిగుడ్డ యుంచిన గిన్నెను ప్రక్కన పెట్టి మూడు వారములు ఉంచితిమి. పగులు చాలవఱకు తానే మూసికొనెను. అప్పుడాయన సన్నగా జిగురు నింపి, నాదరంధ్రము గుండ చేయి దూర్చి, లోపలివైపున పగులుకు అడ్డముగా గోరంతేసి పలుచని కొయ్యబిళ్లలు మూడు అంటించెను. నాలుగవది ఏల వేయలేదని అడిగితిమి. "బరువయితే పలుకు తగ్గుతుందండీ" అనెను. పై పుటలలో ఘనముల లెక్కతో మేము వ్రాసిన దానిని ఆయన లెక్క లేకుండ ఎఱిగియుండెను.

టోరెస్‌ను గూర్చి చెప్పుదురు. ఆయనను ఎఱిగిన మతగురువు ఒకరు 1931లో వ్రాసిన లేఖలో ఈ విషయమున్నది. నీ గిటారుల రహస్యమేమని అడుగగా, దానిని ఇతరులకు విడిచిపోవుట తనకు సాధ్యము కాదనియు, తన బొటనవ్రేలి కొన, చూపుడువ్రేలి కొన పలకను తాకి తన బుద్ధికి తెలుపునదే ఆ రహస్యమనియు ఆయన చెప్పెనట. ఇది గర్వోక్తి కాదు. టోరెస్ గిటారులను పిమ్మటివారు అణువణువును కొలిచిరి. స్పెయిన్‌లో పుట్టి ఇంగ్లండులో స్థిరపడిన హోసె రొమానిల్లోస్ అను శిల్పి ఆయన జీవితమును, పనిని గూర్చి 1987లో గొప్ప గ్రంథమునే ప్రకటించెను. కొలతలన్నియు నేడు అందఱకు తెలియును. అయినను ఒకే కొలతలతో చేసిన రెండు గిటారులు ఒకే విధముగా పలుకవు. ఏలయనగా ఏ రెండు పలకలును ఒకటి కావు. ఒక పలకకు 2.3 మిల్లీమీటర్లు చాలును, దాని ప్రక్కదానికి 2.1 వఱకు దింపవలెను. ఎక్కడ ఆగవలెనో పుస్తకము చెప్పలేదు, వ్రేలు చెప్పవలెను.

అట్లని పుస్తకము వ్యర్థమని తలపకుడు. మెట్ల లెక్క వ్రేలు చెప్పలేదు. తేమ లెక్క చెవి చెప్పలేదు. పుస్తకము ఎఱిగినవారము మేము ఆ వాద్యమును కిటికీ ప్రక్కన వ్రేలాడదీసితిమి. చేయి ఎఱిగినవాడు దానిని బ్రదికించెను. రెండును కలిసిననే వాద్యము.

తల్లిదండ్రులకు ఒక మాట. ఆ బాలుడు తన తండ్రి పనిని చెప్పుటకు పది దినములు ఏల సంకోచించెనని మేము చాల ఆలోచించితిమి. ఆ సంకోచము అతనికి ఇంటివద్ద పుట్టినది కాదు. మార్కులను మాత్రమే మెచ్చుకొని, పనిచేయు చేతిని ఎన్నడును తరగతిగదికి పిలువని మా వలన పుట్టినది. మీ యిండ్లలో ఎన్నో విద్యలు ఉన్నవి. వాటిని మీ పిల్లలయెదుట తక్కువచేసి మాటాడకుడు. మేమును ఇకమీద అట్లు చేయము. ఈ సంవత్సరమునుండి నెలకొకసారి ఒక తండ్రినో తల్లినో పాఠశాలకు ఆహ్వానించి వారి పనిని వారి నోటనే వినవలెనని నిశ్చయించితిమి. మొదటివారుగా ఎవరు వచ్చెదరో మీరు ఊహించియే యుందురు.

గిటారు ఇప్పుడు కిటికీ ప్రక్కన లేదు. దానిని తాకి చూడదలచినవారు సంగీతపు గదికి రండు. పగులున్న చోట వ్రేలు పెట్టి చూడుడు. కనబడదు గాని తెలియును.

అభ్యాసము

1. 650 మిల్లీమీటర్ల తంత్రికి మూడవ, నాలుగవ మెట్ల స్థానములను లెక్కించుడు.

2. 3 మిల్లీమీటర్ల పలకను 2.4 మిల్లీమీటర్లకు దింపిన బరువు ఎంత వంతు తగ్గును? బిగువు ఎంత వంతు తగ్గును? పాఠములోని ఉదాహరణతో పోల్చి చూడుడు.

3. మీ యింటి తలుపుచెక్క వానకాలమున బిగిసికొని, వేసవిలో వదులగుటకు కారణమేమి? అది ఏ దిక్కున ఉబ్బునో ఈనెలను చూచి చెప్పుడు.

4. మీ యింట ఎవరైన చేతితో చేయు పనిలో, "ఇక చాలు" అని వారు ఎట్లు తెలిసికొందురో అడిగి పది వాక్యములలో వ్రాయుడు.